సొంత జేబు ఖర్చు 39 శాతమేనట, మా అమ్మ పద్దు పుస్తకం ఒప్పుకోవడం లేదు

పద్దు_రమణ
మా అమ్మ ఇంటి ఖర్చులన్నీ లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తుంది. పాలు, గ్యాసు, పెళ్లిళ్ల చదివింపులు ముందు పేజీల్లో ఉంటాయి, ఆసుపత్రి ఖర్చులు మాత్రం పుస్తకం తిరగేసి వెనక నుంచి రాస్తుంది. దీపావళికి తెనాలి వెళ్లినప్పుడు ఊరికే కూర్చుని 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా ఉన్న ఆసుపత్రి ఖర్చులు కలిపి చూశాను. నాన్నకి 71, షుగరు, బీపీ. అమ్మకి థైరాయిడ్, మోకాళ్లు.

మందులు 41,900. టెస్టులు 17,300. డాక్టర్ల ఫీజులు 9,600. నాన్న కంటి శుక్లం ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ వాడు 24,000 ఇచ్చాక కూడా మేం వేసుకున్నది 23,400 (లెన్స్ మంచిది వేయించారు, అదో కథ). ఇన్సూరెన్స్ ప్రీమియం 46,200. మొత్తం 1,38,400.

ఇదంతా కూడిన మర్నాడే ఎక్కడో చదివాను, దేశంలో వైద్యం మీద అయ్యే ఖర్చులో జనం చేతి నుంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండేదట, 2021-22కి 39.4కి దిగిందట. మా ఇంట్లో మాత్రం ప్రతి ఏడాదీ పెరగడమే కానీ దిగడం చూడలేదు. ఎవరిది తప్పు, లెక్క కట్టినవాళ్లదా, మా అమ్మదా?

నిప్పులాంటి_నిజం
మీ అమ్మగారిది కరెక్ట్. మిగతాదంతా గాలి.

గోదారి_టు_కువైట్
అమ్మల లెక్క ఎప్పుడూ తప్పదు బ్రో. మా అమ్మ నాకు 1998లో ఇచ్చిన పది రూపాయలు కూడా గుర్తుపెట్టుకుంది

లెక్కల_మాస్టారు
ఇద్దరివీ సరైనవే, కాకపోతే రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. మీరు చదివింది నేషనల్ హెల్త్ అకౌంట్స్ అని ఏటా వేసే లెక్క. అందులో ప్రీమియాన్ని సొంత జేబు ఖర్చు కింద చూపరు, ముందుగా కట్టే సొమ్ము కాబట్టి దాని వరుస వేరు. అంటే మీ 1,38,400లో 46,200 తీసేస్తే 92,200 మీ జేబు ఖర్చు. శాతం చూస్తే 66.6.

అంటే దేశం 2021-22కి వచ్చేసినా మీ ఇల్లు ఇంకా 2013-14 దగ్గరే ఆగి ఉంది.

అసలు విషయం శాతంలో లేదు, రూపాయల్లో ఉంది. 2013-14లో మనిషికి సగటున మొత్తం వైద్య ఖర్చు 3,638 రూపాయలు, అందులో 64.2 శాతం అంటే 2,336 జేబు నుంచి. 2021-22లో మనిషికి 6,602, అందులో 39.4 శాతం అంటే 2,600 చిల్లర. చూశారా, శాతం అంత పడిపోయినా రూపాయల్లో 2,336 కాస్తా 2,600 అయింది. ధరల పెరుగుదల తీసేస్తే తగ్గినట్టే, కానీ మందుల షాపులో బిల్లు కట్టే మనిషికి కనిపించేది రూపాయే కదా. పక్కన ప్రభుత్వం పెట్టేది పెరిగింది, మొత్తంలో దాని వాటా 28.6 శాతం నుంచి 48కి వెళ్లింది. లడ్డూ పెద్దదైంది, మీ ముక్క సైజు అంతే ఉంది, అందుకని మీ ముక్క శాతం తగ్గింది.

పద్దు_రమణ
మాస్టారూ ఇది నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. కానీ ఆ పెద్దదైన లడ్డూలో ప్రభుత్వం ముక్క మా ఇంటికి ఎందుకు రాలేదు మరి? అమ్మ పుస్తకంలో సర్కారు నుంచి వచ్చింది అనే వరుసే లేదు.

డల్లాస్_దొడ్డమ్మ
ప్రీమియం జేబు ఖర్చు కాదన్నమాట. మరి ఎవరి జేబులోది అది 😀 మా ఇక్కడ నెలనెలా ప్రీమియం కట్టి, ఆ పైన డిడక్టిబుల్ అని మొదటి కొన్ని వేల డాలర్లు మేమే పెట్టుకుంటాం. దేశ ఆదాయంలో 17 శాతం దాకా వైద్యానికే పోయే దేశం ఇది. మీరు శాతం తగ్గిందని ఏడుస్తున్నారు, తగ్గనివ్వండి.

లెక్కల_మాస్టారు
@డల్లాస్_దొడ్డమ్మ మంచి మాట అన్నారు. మన దగ్గర మొత్తం ఖర్చులో ప్రైవేటు ఇన్సూరెన్స్ వాటా అదే కాలంలో 3.4 శాతం నుంచి 7.4కి పెరిగింది. అంటే జేబు ఖర్చు తగ్గిన దాంట్లో కొంత ఒక జేబులోంచి తీసి అదే చొక్కాకి ఉన్న ఇంకో జేబులో పెట్టినట్టు.

స్టాఫ్‌నర్స్_సుజాత
రమణ గారూ, మీ నాన్నగారి షుగరు, బీపీ మాత్రలు ఊరి సర్కారు ఆరోగ్య కేంద్రం, అదే పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తాం, ఎప్పుడైనా వెళ్లారా?

పద్దు_రమణ
లేదండీ. నిజం చెప్పాలంటే వెళ్లాలని కూడా తట్టలేదు. నాన్న ఒప్పుకోడు, "ఊరికే ఇచ్చే మాత్రల్లో పవర్ ఉండదు" అంటాడు.

స్టాఫ్‌నర్స్_సుజాత
ఈ మాట నేను రోజుకి పదిసార్లు వింటాను. మెట్‌ఫార్మిన్ మెట్‌ఫార్మినే. మా దగ్గర తీసుకుని వెళ్లి ఊళ్లో డిగ్రీ లేని ఆర్‌ఎంపీకి చూపిస్తారు, ఆయన "ఇవి పనికిరావు" అని ఇంకోటి రాస్తాడు, పైగా ఒక సెలైన్ బాటిల్. వరండాలో మేకుకి తగిలించి ఎక్కిస్తాడు, నాలుగు వందలు. అందులో ఉండేది ఉప్పు నీళ్లు. ఆ నాలుగు వందలకి బిల్లు లేదు, రశీదు లేదు. మాస్టారు చెప్పే లెక్కలో అది ఎక్కడ పడుతుందో నాకు తెలీదు కానీ మా మండలంలో అటువంటివి రోజుకి ఎన్ని ఎక్కుతాయో నాకు తెలుసు.

అలాగని మా వైపు అంతా బాగుందని అనను. నెలకి సరిపడా ఇవ్వాలి, ఒక్కోసారి స్టాకు రాదు, పది రోజులకి ఇచ్చి మళ్లీ రమ్మంటాం. కూలికి పోయే మనిషి మళ్లీ ఎందుకు వస్తుంది? ఆ రోజు కూలి పోతుంది కదా. అక్కడితో మాత్రలు మానేస్తుంది.

వరంగల్_మిర్చి
సెలైన్ ఎక్కించుకుంటే గానీ మా తాతకి జ్వరం తగ్గినట్టు అనిపించదు. బాటిల్ సగంలో ఉండగానే లేచి కూర్చుని చుట్ట అడుగుతడు

నిప్పులాంటి_నిజం
అందుకే అన్నా గాలి లెక్కలని. సర్వే చేసేవాడు ఎవరింటికి వచ్చాడు? మీలో ఒక్కరింటికైనా వచ్చాడా?

లెక్కల_మాస్టారు
రావక్కర్లేదు, నమూనా సర్వే అంటే అంతే. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ప్రతి మెతుకూ నొక్కం. కానీ మీ అనుమానంలో కొంత సరుకు ఉంది, ఒప్పుకోవాలి. జనం చేతి ఖర్చు ఎంతో చెప్పేది జాతీయ నమూనా సర్వే. 2014లో 71వ రౌండ్ జరిగింది, 2017-18లో 75వ రౌండ్. తర్వాతి ఏళ్ల లెక్కలకి ఆ రెండో సర్వేనే మూలం, ధరల ప్రకారం పెంచుకుంటూ వచ్చారు. మొదటిదానితో పోలిస్తే రెండో సర్వేలో జబ్బు పడ్డామనీ ఆసుపత్రిలో చేరామనీ చెప్పినవాళ్లే తగ్గారు. జబ్బులు నిజంగా తగ్గాయా, చెప్పడం తగ్గిందా, వెళ్లడమే మానేశారా అని ఆర్థికవేత్తలు వాదించుకున్నారు. ఇంకొకటి, 2021-22 మామూలు సంవత్సరం కాదు. కోవిడ్ టీకాలకే కేంద్రం ఆ ఏడాది బడ్జెట్లో 35,000 కోట్లు పెట్టింది. అలాంటి ఏడాది ప్రభుత్వ వాటా పెరగడంలో వింత లేదు.

సత్తెనపల్లి_సత్తి
వెళ్లడమే మానేశారా అన్నారే, అదీ పాయింటు. మా మేనత్త బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకునేది. అడిగితే "ఒంటికి అలవాటైపోతుందిరా, అందుకని గ్యాప్ ఇస్తున్నా" అనేది. అసలు సంగతి డబ్బులు. పక్షవాతం వచ్చాక తెలిసింది మాకు, తలగడ కింద సగం మిగిలిన స్ట్రిప్పులు ఏడో ఎనిమిదో దొరికాయి. ఆ మూడేళ్లూ ఆవిడ జేబు ఖర్చు సగానికి సగం తక్కువ. లెక్క ప్రకారం అది మంచి వార్త.

పద్దు_రమణ
😔

లెక్కల_మాస్టారు
సత్తి గారూ, దీని తర్వాత నా అంకెలు చెప్పడానికి మొహమాటంగా ఉంది. కానీ మీరు చెప్పిందే అంకెల్లోనూ కనిపిస్తుంది. తలసరి జేబు ఖర్చు దేశంలో బాగా ఎక్కువగా ఉండే రాష్ట్రం కేరళ. కేరళ వాళ్లు అన్యాయమైపోయారనా? కాదు, జబ్బు చేస్తే వాళ్లు వెళతారు, పెద్దవాళ్లు ఎక్కువ, షుగర్లు ఎక్కువ. డాక్టరు గడప తొక్కని మనిషి జేబు ఖర్చు సున్నా.

గోదారి_టు_కువైట్
మీరంతా మరీ నిరాశగా మాట్లాడుతున్నారు. 2004లో మా నాన్నకి గుండె ఆపరేషన్‌కి ముప్పావు ఎకరం కొబ్బరితోట అమ్మాం. అది తీర్చడానికే నేను ఇక్కడికి వచ్చా, ఇప్పటికీ ఇక్కడే ఉన్నా. 2016లో మా బాబాయికి అదే ఆపరేషన్, ఆరోగ్యశ్రీలో అయిపోయింది. మందులకి, తోడున్నవాళ్ల తిండికి తప్ప పెద్దగా ఏమీ అవలేదు. ఈ తేడా మీ శాతాల్లో ఎలా కనిపిస్తుందో నాకు తెలీదు, మా ఇంట్లో మాత్రం ఒక తోట ఉంది ఒక తోట లేదు.

ఉద్దానం_వాసి
గోదారి అన్న మాట నిజం. మా శ్రీకాకుళం వైపు కిడ్నీ రోగులకి డయాలసిస్ ఉచితం, నెలకి 10,000 పింఛను కూడా. 2023 డిసెంబరు నుంచి పలాసలో కిడ్నీలకే 200 పడకల ఆసుపత్రి. అంతకుముందు మా వాళ్లు విశాఖలోని పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌కి పడిన యాతన నేను చూశాను. కానీ వారానికి మూడుసార్లు ఆటో. మనిషితో పాటు తోడు మనిషి, ఇద్దరి కూలీ పాయె. పింఛను ఆటోకే సరి. ఇది ఏ లెక్కలోకి వస్తుంది మాస్టారూ?

లెక్కల_మాస్టారు
పోయిన కూలి ఈ లెక్కలోకి రాదండీ. అది ఖర్చు కాదు, రాని డబ్బు అంటారు.

ఉద్దానం_వాసి
మా ఊళ్లో అప్పు అంటాం

బెంచి_మీద_కోడర్
మాకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, అమ్మానాన్నలకి కూడా. ఇదంతా ఎందుకు, అందరికీ ఇన్సూరెన్స్ ఇచ్చేస్తే సరి. సొంతంగా కొనుక్కునే పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు కదా 2025 సెప్టెంబరు 22 నుంచి.

పద్దు_రమణ
మా 46,200లో ఏడు వేలు ఆ పన్నే అన్నమాట. వచ్చే ఏడాది ఆ ఏడు వేలు మిగులుతాయా, అసలు ప్రీమియమే ఏడు వేలు పెంచుతారా చూడాలి. అయినా కోడర్ బ్రో, పైన నా లెక్క మళ్లీ చూడు. మందులు, టెస్టులు, ఫీజులు కలిపి 68,800. అందులో ఒక్క రూపాయి కూడా ఇన్సూరెన్స్ ఇవ్వలేదు, ఆసుపత్రిలో పడుకుంటేనే ఇస్తారు. మా ఇద్దరు ముసలాళ్లూ పడుకోకుండా తిరుగుతున్నారు, అదే వాళ్ల తప్పు.

నెట్‌వర్క్_ఆసుపత్రి_బిల్లింగ్
పదకొండేళ్లు ఈ సీట్లో కూర్చున్నా, ఎక్కడో చెప్పను. రమణ గారు చెప్పిందే మొత్తం కథ. ఆరోగ్యశ్రీ అయినా, 2018లో వచ్చిన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ అయినా ఆసుపత్రిలో చేరితేనే. అందుకని ఏమవుతుందంటే చేరక్కర్లేని కేసు కూడా చేరుతుంది. ఒక స్కాన్ బయట చేయిస్తే మీ డబ్బు, ఒక రాత్రి పడుకుంటే పథకం డబ్బు. పేషెంటే అడుగుతాడు "సార్ ఒక్కరోజు అడ్మిషన్ రాయండి" అని. తప్పు ఎవరిదంటే నేను చెప్పలేను. ఇంకోవైపు ఒక్కో చికిత్సకి పథకం ఇచ్చే ప్యాకేజీ రేటు ఏళ్లతరబడి అంతే ఉంటుంది, బకాయిలు నెలలకొద్దీ రావు, అప్పుడు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటాయి, పేపర్లో చదువుతూనే ఉంటారు. కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి "అప్రూవల్ ఇంకా రాలేదమ్మా, ఈలోపు అడ్వాన్సు కట్టండి" అని చెప్పేది మాత్రం నేనే.

వరంగల్_మిర్చి
మా తెలంగాణల ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ల 5 లక్షల నుంచి 10 లక్షలు చేసిన్రు

సత్తెనపల్లి_సత్తి
అదే నెల మా ఆంధ్రాలో 25 లక్షలు చేశారు. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మార్చడానికి మాత్రం బకాయిలు అడ్డం రావు.

వరంగల్_మిర్చి
25 ఏంది అన్నా, కోటి అని రాసుకోన్రి. మా మేనమామ మోకాలి మాత్రకి రూపాయి ఇయ్యరు గానీ కోటి దాకా కవరేజీ

నిప్పులాంటి_నిజం
ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది ఎవరు ముందు అది చెప్పండి. 2007లో...

మాడరేటర్_తాత
2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది, అందరికీ తెలుసు, అక్కడితో ఆపండి. ఇక్కడ నుంచి పార్టీల పేర్లు వస్తే పోస్టు తీసేస్తా. పోయిన నెల కాకరకాయ పులుసు చర్చలోనే ఇద్దరిని బ్యాన్ చేశాను.

కౌలాలంపూర్_తెలుగు
నేను మలేషియాలో పుట్టిన తెలుగువాడిని, మా తాతల నాటి నుంచి పేరాక్‌లో రబ్బరు తోటల కుటుంబం. రాతలో తప్పులుంటే మన్నించండి. ఇక్కడ ప్రభుత్వ క్లినిక్‌లో పౌరులకి ఒక్క రింగిట్, అంటే మీ ఇరవై రూపాయల చిల్లర. చూసేది, మాత్రలు, రక్తపరీక్ష అన్నీ అందులోనే. పెద్ద డాక్టర్ అయితే అయిదు రింగిట్లు. మా అమ్మ షుగరు మాత్రలు నెలనెలా అక్కడే తెచ్చుకుంటుంది. ఉదయం ఏడింటికి పోయి నంబరు తీసుకోవాలి, మధ్యాహ్నం అవుతుంది. తొందర ఉన్నవాళ్లు ప్రైవేటుకు పోతారు, అందుకే ఇక్కడ కూడా మొత్తం ఖర్చులో మూడో వంతుకు అటూఇటూ జనం జేబు నుంచే. కానీ పోవడానికి ఒక చోటు ఉంది అనే ధైర్యం ఉంటుంది.

చైనా_ఎంబీబీఎస్
నేను చదివింది చైనాలో. అక్కడ 2001లో జేబు ఖర్చు 60 శాతం, ఇప్పుడు 30 లోపు. కానీ మొన్నటిదాకా పెద్దాసుపత్రిలో కూడా ముందు డిపాజిట్, తర్వాతే బెడ్డు. ఇన్సూరెన్స్ దాదాపు అందరికీ ఉన్నా చేతి నుంచి పోయేది పోతుంది. నాకు నచ్చింది ఒకటి, ధర. గుండె రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే స్టెంట్ 13,000 యువాన్ల దాకా ఉండేది. 2020లో దేశం మొత్తానికి కలిపి ఒకేసారి బేరం పెట్టారు, "ఇన్ని లక్షలు కొంటాం, ఎంతకిస్తారు" అని. 700 యువాన్లకి దిగింది.

ఫార్మా_పిచ్చయ్య
మన దగ్గర 2017 ఫిబ్రవరిలో మందు పూత స్టెంట్‌కి 29,600 అని గరిష్ఠ ధర పెట్టారు, మామూలుదానికి 7,260. అంతకుముందు లక్ష పైన వేసేవాళ్లు. అదే ఏడాది ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకి కూడా. ఏమయింది? స్టెంట్ బిల్లు తగ్గింది, ప్యాకేజీ బిల్లు తగ్గిందా? స్టెంట్ వేసే గది, అదే క్యాథ్‌ల్యాబ్ చార్జీ, నాళం తెరిచే బెలూను, డాక్టరు ఫీజు అని ఇంకో వైపు లేచింది. బెలూను ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బుతుంది కదా, జోకు వేయలేదు, నిజంగానే బెలూను.

@చైనా_ఎంబీబీఎస్ తేడా ఇదీ. మనం ధరకి పైకప్పు వేశాం. వాళ్లు తామే కొన్నారు. కొనేవాడు పెద్దవాడైతేనే అమ్మేవాడు దిగుతాడు. తమిళనాడు 1994 నుంచి మందులు అలాగే ఒక్క కార్పొరేషన్ ద్వారా కొంటోంది. మన రెండు రాష్ట్రాలకీ అలాంటి సంస్థలున్నాయి, ఎంత బాగా నడుస్తున్నాయో స్టాఫ్‌నర్స్ గారిని అడగండి.

స్టాఫ్‌నర్స్_సుజాత
నా ఉద్యోగం ఉండనివ్వండి

ఫార్మా_పిచ్చయ్య
😂 సరే. రమణ, మీ 41,900 సంగతి చూద్దాం. మాత్రల పేర్లు పెట్టండి, కంపెనీ పేరు వద్దు, లోపలి మందు పేరు.

పద్దు_రమణ
నాన్నకి టెల్మిసార్టన్ 40, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, కొలెస్ట్రాల్‌ది రోసువాస్టాటిన్. అమ్మకి థైరాక్సిన్, కాల్షియం, మోకాళ్లకి ఏదో పౌడరు, అది పెద్దది, నెలకి 1,100.

ఫార్మా_పిచ్చయ్య
నాన్నగారివన్నీ జనఔషధిలో, అంటే సర్కారు తరఫున చవకగా మందులమ్మే షాపులో, దొరుకుతాయి. టెల్మిసార్టన్ బయట 15 మాత్రలకి వంద పైన పెడుతున్నారు కదా, అక్కడ పది మాత్రలు పాతిక లోపే. డాక్టరుకి చెప్పి మార్చండి, మీకై మీరు మార్చకండి, ముఖ్యంగా థైరాయిడ్ మాత్ర బ్రాండు ఊరికే అటూఇటూ చేయొద్దు, చేస్తే మళ్లీ టెస్టు చేయించి చూసుకోవాలి. మోకాళ్ల పౌడరు ఎందుకు వాడుతున్నారో ఒకసారి ఆ రాసిన డాక్టరునే అడగండి. ఏడాదికి 13,200 అది ఒక్కటే.

బెంచి_మీద_కోడర్
ఇంతకీ పెద్ద పెద్ద దేశాలు చెప్తున్నారు, మన దగ్గర డబ్బు ఉంటే కదా. ముందు దేశం ఎదగాలి, తర్వాత వైద్యం అదే వస్తుంది. ఎక్కడైనా అంతే జరిగింది.

లెక్కల_మాస్టారు
సగం నిజం. ఆదాయం పెరిగేకొద్దీ వైద్యం మీద పెట్టేది పెరగడం, అందులో చేతి ఖర్చు వాటా తగ్గడం చాలా దేశాల్లో జరిగింది. కానీ తనంతట తాను జరగలేదు. థాయ్‌లాండ్ చూడండి. 2001-02లో "30 బాట్లకే వైద్యం" అని దేశమంతా పెట్టింది. అప్పుడు వాళ్ల తలసరి ఆదాయం రెండు వేల డాలర్ల లోపు, పైగా 1997 ఆర్థిక సంక్షోభం నుంచి అప్పుడప్పుడే లేస్తున్నారు. ఈరోజు మన తలసరి అంతకంటే ఎక్కువే. అక్కడ జేబు ఖర్చు మొత్తంలో మూడో వంతు ఉండేది, పదో వంతు దగ్గరికి వచ్చింది. కిటుకు ఏమిటంటే ఆపరేషన్‌కి ఇంత అని కాకుండా, మీ పరిధిలో ఇంతమంది జనం, వాళ్లందరినీ చూసుకోడానికి తలకి ఇంత అని జిల్లా ఆసుపత్రికి ముందే ఇచ్చేశారు. అప్పుడు మనిషిని పడుకోబెడితే ఆసుపత్రికి లాభం లేదు, బీపీ మాత్ర సరిగా వేయించడంలోనే లాభం. దానికి దశాబ్దాల ముందు నుంచే కొత్త డాక్టర్లు పల్లెల్లో పనిచేసి తీరాలని రూలు పెట్టి ఊళ్లలో ఆసుపత్రులు కట్టుకున్నారు, అది లేకుండా 30 బాట్లు ఇచ్చినా వెళ్లడానికి తలుపు ఉండేది కాదు.

మన సంగతి. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వ ఖర్చు 2025 కల్లా జీడీపీలో 2.5 శాతం చేస్తామంది. 2013-14లో 1.15, టీకాల ఏడాది 2021-22లో 1.84. ఇంకో ముక్క చెప్తా, ఇది ఎవరూ గమనించరు. అందరి డబ్బూ కలిపినా మన మొత్తం వైద్య ఖర్చు జీడీపీలో 2013-14లో 4 శాతం, 2021-22లో 3.83. ఎదిగే దేశాల్లో ఇది పైకి పోవాలి. బ్రెజిల్ 9 శాతం పైన పెడుతుంది. మన దగ్గర జనం తగ్గించిన చోటుని సర్కారు కొంత పూడ్చింది, అంతే. కుండ పెద్దది కాలేదు.

డల్లాస్_దొడ్డమ్మ
ఇందాక లడ్డూ పెద్దదైందన్నారు, ఇప్పుడు కుండ పెద్దది కాలేదంటున్నారు. తేల్చండి మాస్టారూ

లెక్కల_మాస్టారు
రూపాయల్లో లడ్డూ పెద్దదైంది, దేశం సంపాదనతో పోలిస్తే కాలేదు. తిండి పోలికలు ఇక వాడను.

చైనా_ఎంబీబీఎస్
బ్రెజిల్‌లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు 1988లో, వైద్యం హక్కు అని. అయినా డబ్బున్నవాళ్లు ప్రైవేటు ప్లాన్లు కొనుక్కుంటారు, దేశంలో నాలుగో వంతు మందికి అవే. దక్షిణాఫ్రికా ఇంకా విచిత్రం, మొత్తం ఖర్చులో సగం దాకా ఆరో వంతు జనం మీదే పోతుంది. అక్కడ జేబు ఖర్చు శాతం మాత్రం చాలా తక్కువ! శాతం చూసి మురిసిపోతే ఇలాగే ఉంటుంది.

నిప్పులాంటి_నిజం
నేను మొదటి నుంచి చెప్తున్నది అదే

చైనా_ఎంబీబీఎస్
మీరు గాలి అన్నారు అన్నా, నేను సగం కథ అంటున్నా. తేడా ఉంది.

ఉద్దానం_వాసి
ఎవరైనా సర్కారు ఆసుపత్రిలో చేరితే ఎంత అవుతుంది, ప్రైవేటులో ఎంత, లెక్క ఉందా? మా వాళ్లు రెండూ ఒకటే అంటారు, బయటి మందుల చీటీ రాస్తారని.

లెక్కల_మాస్టారు
ఉంది. నేను చెప్పిన 75వ రౌండులోనే. ఒక్కసారి చేరితే సగటున సర్కారులో 4,452, ప్రైవేటులో 31,845, కాన్పులు కలపకుండా. 2017-18 మాట. ఉచితం అనే చోట కూడా నాలుగున్నర వేలు, అందులో మీరు చెప్పే బయటి చీటీలూ ఉన్నాయి. కానీ రెండూ ఒకటి కావు, ఏడు రెట్లు తేడా.

నెట్‌వర్క్_ఆసుపత్రి_బిల్లింగ్
రమణ గారూ, నాన్నగారికి 71 అన్నారు. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు, ఆధార్ చాలు. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. దాన్ని చూసుకుని ఉన్న పాలసీ మాత్రం ఆపేయకండి, ఈ వయసులో మళ్లీ కొత్తది దొరకడం కష్టం. మీకు కావలసిన ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోండి, కడుపునొప్పి వచ్చాక కాదు.

పద్దు_రమణ
ఇరవై రోజుల తర్వాత రాస్తున్నా, చర్చ పాతబడిపోయింది, అయినా చెప్పాలనిపించింది.

కార్డు అయింది, మీ-సేవ దగ్గర రెండుసార్లు వేలిముద్ర పడలేదు, మూడోసారి కళ్లతో తీసుకున్నారు (శుక్లం ఆపరేషన్‌కి అదొక లాభం). మోకాళ్ల పౌడరు సంగతి డాక్టరుని అడిగితే "వద్దనుకుంటే మానేయొచ్చు" అన్నారు. రెండేళ్లుగా వాడుతోంది మా అమ్మ! టెల్మిసార్టన్, కొలెస్ట్రాల్ మాత్ర జనఔషధికి మార్చాం, డాక్టరు చూసి సరే అన్నారు. షుగరు మాత్రలు పీహెచ్‌సీలో. నాన్న ససేమిరా అన్నాడు, చివరికి అక్కడి నర్సమ్మ మా ఊరి అమ్మాయేనని తెలిశాక వెళ్లాడు. నెలకి సరిపడా ఇచ్చారు, బీపీ చూశారు, ఒక పుస్తకం కూడా ఇచ్చారు.

అమ్మ నోట్‌బుక్‌లో కొత్త వరుస గీసింది. "గవర్నమెంటు మాత్రలు: 0" అని రాసి, దాని కింద "ఆటో 60, కొబ్బరిబొండం 40".

ఉద్దానం_వాసి
ఆటో రాసింది చూశారా. అమ్మ నమస్కారం తీసుకోండి

లెక్కల_మాస్టారు
కొబ్బరిబొండం ఏ పద్దు కింద వేశారు? షుగరు మనిషికి కదా

పద్దు_రమణ
అది నాన్న కాదు మాస్టారూ, లైన్లో నిలబడినందుకు అమ్మ తాగింది